గెలిస్తే మైకులో మాట్లాడాల్సి వస్తుందని ఓడిపోయే పిల్ల: అనికా సోరెన్‌స్టామ్ గురించి చెప్పేది నిజమేనా?

బైరాగిపట్టెడ అమ్మ (తిరుపతి):

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా పాపకు 13 ఏళ్లు. నాలుగేళ్లుగా బ్యాడ్మింటన్ ఆడుతోంది. పొద్దున అయిదున్నరకు దాన్ని లేపే పనే లేదు, తనే లేచి బూట్లు తగిలించుకుని వాళ్ల నాన్న స్కూటర్ పక్కన నిలబడి ఉంటుంది. ఆటలో వంక పెట్టడానికి లేదని కోచ్ సారే అంటారు. కానీ ఏడాదిగా ఒకటి గమనిస్తున్నాం. సెమీస్ దాకా ఎవరొచ్చినా ఓడించేస్తుంది, ఫైనల్ అనేసరికి చల్లబడిపోతుంది. పోయిన నెల మూడో గేమ్‌లో 19-16 మీద ఉంది, ఇంకో రెండు పాయింట్లు చాలు, అక్కడ సర్వీసు నెట్‌కు కొట్టింది, ఆ తర్వాత పైకి లేచి నెమ్మదిగా దిగుతున్న షటిల్‌ను, మామూలుగా అయితే ఒక్క దెబ్బతో నేలకు కొట్టే షటిల్‌ను, లైను బయటికి నెట్టేసింది. 19-21. ఓడిపోయాక ఏడవలేదు. అదే నాకు వింతగా అనిపించింది.

ఆ రాత్రి పెరుగన్నం తింటూ, పక్కన పెట్టుకున్న రాకెట్ పిడికి ఊడిపోతున్న గ్రిప్పు టేపును వేలితో లాగుతూ, నా మొహం చూడకుండా చెప్పింది: "ఫస్ట్ వస్తే స్టేజి మీద మాట్లాడమంటారమ్మా. సెకండ్ వస్తే మెడల్ ఇచ్చి పంపించేస్తారు."

నాకు నోట మాట రాలేదు. పోయిన ఏడాది స్కూల్ ఫంక్షన్‌లో దీన్ని ఉన్నట్టుండి మైకు ముందు నిలబెట్టారు. రెండు ముక్కలు చెప్పి ఆగిపోయింది, ముందు వరసలో పిల్లలు నవ్వారు, ఎవరూ ఆపలేదు. అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు నేను. అది దాని మనసులో ఇంతగా నాటుకుపోయిందని ఇప్పుడు తెలిసింది.

మా ఆయన ఆఫీసులో ఒకాయన ఈ సంగతి విని, స్వీడన్‌లో అనికా సోరెన్‌స్టామ్ అని గోల్ఫ్ ఛాంపియన్ ఉంది, ఆమె కూడా చిన్నప్పుడు ఇదే పని చేసేదట అన్నారు. నెట్‌లో చూస్తే 72 టైటిళ్లు, 10 మేజర్లు అని లెక్కలే వస్తున్నాయి, నాకు గోల్ఫ్‌లో ఓనమాలు కూడా రావు. ఆ కథ నిజమేనా? అంత సిగ్గరి పిల్ల అన్నేళ్లు కెమెరాల ముందు ఎలా నెగ్గుకొచ్చింది? మా పాపకు చెప్పాలనుకుంటున్నా, అబద్ధం కలిపి చెప్పడం ఇష్టం లేదు. తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

---

ఎస్వీ క్యాంపస్ మాస్టారు (తిరుపతి):

నిజమేనమ్మా. ఎవరో పుట్టించిన కథ కాదు, అనికాయే స్వయంగా చాలాసార్లు చెప్పింది. నేను గోల్ఫ్ ఎప్పుడూ ఆడలేదు గానీ పాతికేళ్లుగా టీవీలో చూస్తున్నాను, ఆమె ఆట అంటే నాకు ప్రాణం, కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

ఆమె పుట్టింది 1970లో. మొదట టెన్నిస్ ఆడేది, స్వీడన్‌లో బోర్గ్ పేరు మారుమోగుతున్న కాలం అది. 12 ఏళ్లప్పుడు గోల్ఫ్ మొదలుపెట్టింది. తనకూ చెల్లెలు షార్లొటాకూ కలిపి ఇంట్లో ఒక్కటే క్లబ్బుల సెట్టు. గోల్ఫ్‌లో ఒక్కో కర్రకు ఒక్కో నంబరు ఉంటుంది, నంబరును బట్టి బంతి ఎంత దూరం పోవాలో, ఎంత ఎత్తు లేవాలో మారుతుంది. ఆ సెట్టులో బేసి నంబర్లు అక్కకు, సరి నంబర్లు చెల్లెలికి. ఇద్దరూ అలా సగం సెట్టుతో నేర్చుకున్నారు, తర్వాత ఇద్దరూ ప్రొఫెషనల్స్ అయ్యారు.

ఇక మీరడిగిన విషయం. గోల్ఫ్‌లో ఎవరు తక్కువ షాట్లలో ముగిస్తే వాళ్లదే గెలుపు. గోల్ఫ్‌లో చివర గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి ఉంటుంది, దాన్ని గ్రీన్ అంటారు, దాని మీద బంతిని మెల్లగా దొర్లించి గుంతలో వేయడాన్ని పుట్ అంటారు. మామూలుగా రెండు పుట్లలో అయిపోతుంది. అనికా జూనియర్ పోటీల్లో గెలిచేలా ఉన్నప్పుడల్లా చివర్లో కావాలని మూడు పుట్లు కొట్టేది. ఒక్క షాటు తేడాతో రెండో స్థానం, స్పీచ్ తప్పించుకోవడం. చూసేవాళ్లకు ఒత్తిడికి చేయి వణికింది అనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. కోచ్‌లకు మాత్రం వచ్చింది. వాళ్లు పిల్లను నిలదీయలేదు, తిట్టలేదు. తర్వాతి పోటీలో గెలిచినవాళ్లూ, రెండో స్థానం వచ్చినవాళ్లూ ఇద్దరూ మాట్లాడాలని రూలు పెట్టారు. ఎలాగూ మైకు తప్పదు కదా, అలాంటప్పుడు గెలిస్తేనే నయం అనుకుంది ఆ పిల్ల. గెలిచింది.

ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు అనికా కంటే ఆ కోచ్‌ల మీదే గౌరవం ఎక్కువ కలుగుతుంది. పిల్ల భయాన్ని నలుగురిలో బయటపెట్టకుండా, ఓడిపోతే దొరికే ఆ దాక్కునే చోటును మాత్రం తీసేశారు.

ఆ తర్వాత దారి నేరుగా ఏమీ సాగలేదు. అమెరికాలో అరిజోనా యూనివర్సిటీలో చేరి, 1991లో కాలేజీల జాతీయ ఛాంపియన్ అయింది, మొదటి ఏడాది విద్యార్థిని ఆ టైటిల్ గెలవడం అదే మొదలు, అమెరికా బయటి అమ్మాయి గెలవడం కూడా అదే మొదలు. 1992లో ప్రొఫెషనల్ అయింది, కానీ అమెరికా మహిళల టూర్ (అంటే ఏడాది పొడవునా సాగే పోటీల వరస) ఎల్పీజీఏ అర్హత పోటీలో ఒక్క షాటు తేడాతో అందులో ఆడే కార్డు పోయింది. చిన్నప్పుడు కావాలని పోగొట్టుకున్న షాటు ఇప్పుడు నిజంగానే పోయింది. 1993 అంతా యూరప్ టూర్‌లో ఆడింది, 1994లో అమెరికా వచ్చి ఆ ఏడాది ఉత్తమ కొత్త క్రీడాకారిణి అయింది. ఎల్పీజీఏలో మొదటి గెలుపే 1995 యూఎస్ విమెన్స్ ఓపెన్. ఆడవాళ్ల గోల్ఫ్‌లో అంతకు మించిన టైటిల్ లేదు. మెగ్ మాలన్ అనే అమెరికన్ మీద ఒక్క షాటు తేడాతో గెలిచింది. మరుసటి ఏడాది మళ్లీ అదే టైటిల్.

ఇంకొకటి మీ పాపకు తప్పకుండా చెప్పండి. ఒకసారి వాన పడుతుంటే ప్రాక్టీసు ఆపేసి, వచ్చి తీసుకెళ్లమని నాన్నకు ఫోన్ చేసింది. ఆయన వచ్చి కారు బయటికి తీస్తుంటే, అక్కడ ఇంకా కొందరు పిల్లలు తడుస్తూనే బంతులు కొడుతున్నారు. ఆయన వాళ్లను చూపించి, గెలుపుకు అడ్డదారి లేదమ్మా అన్నారట. అంతే, ఇంకేం అనలేదు. పెద్దయ్యాక కూడా ఆ మాట చెప్పుకుంటూనే ఉంది ఆమె.

---

పలమనేరు కేడీ (ఇప్పుడు బెంగుళూరు):

అక్కా, మాది పలమనేరు పక్కన పల్లె. బెంగుళూరులో ఒక గోల్ఫ్ కోర్సులో 11 ఏళ్లుగా కేడీ పని చేస్తున్నా. మాస్టారు చెప్పింది బాగుంది, నేను మైదానంలో చూసే సంగతులు చెప్తా.

కేడీ అంటే బ్యాగు మోసేవాడని మాత్రమే అనుకుంటారు. బ్యాగులో 14 కర్రలకు మించి ఉండకూడదు, అది రూలు. గుంతకు ఎన్ని గజాలుందో చెప్పాలి, గాలి ఎటు ఉందో చూడాలి, బంతి తుడవాలి, ఇసుకలో పడితే కొట్టాక ఆ ఇసుక సర్దాలి, జెండా పట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలిసుండాలి. రోజుకు 18 గుంతలు, నాలుగైదు గంటల నడక, అందులో బంతిని కొట్టే సమయం మొత్తం కలిపినా చాలా తక్కువ. మిగతాదంతా నడక, ఆలోచన. అందుకే ఈ ఆట మాటకారులకంటే తక్కువ మాట్లాడేవాళ్లకు సరిపోతుందని నా నమ్మకం. షాటు కొట్టేముందు వేలమంది జనమైనా ఊపిరి బిగబట్టుకుని నిలబడతారు. అనికాకు టెర్రీ మెక్‌నమారా అనే కేడీ చాలా ఏళ్లు తోడుగా ఉన్నాడు, ఆమె పెద్ద విజయాలు ఎక్కువ ఆయన పక్కన ఉన్నప్పుడే వచ్చాయి.

ఆమె స్వింగ్ వీడియో మీ పాపకు చూపించండి. గోల్ఫ్ నేర్చుకోవడానికి వచ్చినవాడికి మొదటిరోజు చెప్పే మాట "తల ఎత్తొద్దు, బంతినే చూడు". నేనే రోజుకు వందసార్లు అంటుంటా ఆ మాట. అనికా తల మాత్రం కర్ర బంతికి తగిలేలోపే అటు తిరిగిపోతుంది, బంతి పోయే వైపు. అది తప్పు అని అందరూ అన్నా ఆమె కోచ్ ఆన్రీ రైస్ దాన్ని చెరపలేదు. ఎవరి ఒళ్లు ఎలా తిరుగుతుందో అలాగే కొట్టనివ్వాలి అని ఇప్పుడు మా దగ్గర కోచ్‌లు కూడా ఆమెనే ఉదాహరణగా చెప్తారు.

59 సంగతి వినే ఉంటారు. 2001 మార్చి 16, అరిజోనాలో ఫీనిక్స్. 18 గుంతలకు మామూలు లెక్క 72 షాట్లు, దాన్ని పార్ అంటాం. ఒక గుంతలో పార్ కంటే ఒకటి తక్కువలో ముగిస్తే బర్డీ. ఆ రోజు అనికా మొదటి 8 గుంతలూ వరసగా బర్డీ! మొత్తం 13 బర్డీలు, ఒక్క తప్పు లేదు, 59 షాట్లలో అయిపోయింది. ఎల్పీజీఏలో ఇంకెవరూ 59 కొట్టలేదు. ఇంకో విశేషం, ఆ రోజు ఆమెతో కలిసి ఆడినవాళ్లలో మెగ్ మాలన్ ఒకరు, 1995లో ఓడిపోయిన ఆమె, రెండో మనిషి చెల్లెలు షార్లొటా. సరి నంబరు కర్రల చెల్లెలే.

స్వీడన్ జట్టు కోచ్ పియా నిల్సన్ ఆ పిల్లలకు ఒక లెక్క నూరిపోసేది. 18 గుంతల్లోనూ బర్డీ కొడితే 54. ఒక్కో గుంతలో నువ్వు ఎప్పుడో ఒకప్పుడు బర్డీ కొట్టే ఉంటావు, అన్నీ ఒకే రోజు ఎందుకు కొట్టలేవు అని. 54 ఎవరూ కొట్టలేదు గానీ, ఆ ఆలోచన తలలో ఉన్నవాళ్లు మాత్రం 8 బర్డీలు కాగానే ఇక చాలులే అని జాగ్రత్తపడిపోరు. మీ పాప 19 దగ్గర ఆగిపోవడానికి కారణం వేరే అనుకోండి, కానీ చేతిలో ఆట ఉన్నప్పుడు ఆగకుండా ఆడటం కూడా నేర్చుకోవాల్సిన విద్యే అక్కా.

---

చంద్రగిరి కోట (చంద్రగిరి):

నేను కొంచెం వేరుగా చెప్తా, ఏమీ అనుకోవద్దు. ఇలాంటి కథలు విని పిల్లల నెత్తిన ఆశలు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. అనికా ఒక్కతే కనిపిస్తుంది. సిగ్గుతోనో, డబ్బు లేకో, గాయంతోనో మధ్యలో ఆగిపోయినవాళ్లు ఎవరికీ కనిపించరు. స్వీడన్‌లో మామూలు ఇళ్ల పిల్లలకు కూడా గోల్ఫ్ క్లబ్బుల్లో చోటుంటుంది. మన దగ్గర గోల్ఫ్ అంటే బెంగుళూరో చెన్నైయో పోవాలి, బ్యాడ్మింటన్‌కే నెలకు షటిళ్లకు ఎంతవుతుందో నాకు తెలుసు, మా అన్న కూతురు ఆడుతుంది.

ప్రొఫెషనల్ అన్న మాట కూడా వినడానికే బాగుంటుంది. గోల్ఫ్‌లో నెల జీతం ఉండదు. విమానం టికెట్టు, హోటలు, కేడీ ఖర్చు అంతా సొంతం. మొదటి రెండు రోజుల స్కోరు బట్టి సగం మందిని పంపించేస్తారు, దాన్ని కట్ అంటారు, కట్ దాటకపోతే మామూలుగా చేతికి ఒక్క డాలరు రాదు. అనికా 2 కోట్ల 20 లక్షల డాలర్లకు పైనే ప్రైజ్ మనీ సంపాదించింది, నిజమే, కానీ అదే కాలంలో అదే టూర్‌లో ఖర్చులు కూడా రాక ఇంటికి పోయినవాళ్లు ఎంతమందో. తల్లిగా ఈ రెండో వైపు కూడా మీకు తెలియాలి. అనికా వెనక క్లబ్బు ఉంది, కోచ్ ఉన్నాడు, యూనివర్సిటీ ఉంది. మన పిల్లకు ఏముంది?

---

బైరాగిపట్టెడ అమ్మ:

చంద్రగిరి అన్నా, మీరు చెప్పింది తప్పని అనను. కానీ నేను పాపను ఛాంపియన్ చేయాలని అడగలేదు. అది గెలవాల్సిన మ్యాచ్ భయపడి వదిలేయకూడదు, అంతే నా బాధ. ఓడితే ఓడనీ. నిజంగా ఓడితే నాకేం కష్టం లేదు.

నిన్న రాత్రి మాస్టారు రాసింది దానికి చదివి వినిపించా. బేసి నంబర్లు అక్కకు, సరి నంబర్లు చెల్లెలికి అన్న దగ్గర ఒక్కసారిగా లేచి కూర్చుంది. మా ఇంట్లో కూడా మొదటి రెండేళ్లు ఇదీ, దీని తమ్ముడూ ఒకే రాకెట్‌తో ఆడేవాళ్లు, ఒకరు కొడుతుంటే ఇంకొకరు షటిల్ ఏరుకొచ్చేవాళ్లు. "వాళ్లు కూడానా" అంది. మూడు పుట్ల సంగతి చదివినప్పుడు మాత్రం ఏమీ మాట్లాడలేదు, అటు తిరిగి పడుకుంది. కాసేపయ్యాక, "ఆమె నిజంగానే అన్నీ గెలిచిందా?" అని అడిగింది. అన్నీ అంటే ఏం చెప్పాలో తోచలేదు. ఓడినవి కూడా చెప్పండి ఎవరైనా.

---

పలమనేరు కేడీ:

అక్కా, ఓటమి గురించి అడిగారు కాబట్టి మన అదితి అశోక్ సంగతి చెప్తా, చంద్రగిరి అన్న అడిగినదానికి కూడా ఇందులోనే జవాబుంది. బెంగుళూరు పిల్ల. వాళ్ల ఇంట్లో ఎవరూ గోల్ఫ్ ఆడేవాళ్లు కాదు. కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానం కనిపించే హోటల్లో టిఫిన్ తింటూ, లోపల బంతులు కొట్టేవాళ్లను చూసి ముచ్చటపడింది, అప్పటికి ఆరేళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాత అమ్మానాన్నలే ఆమె టీమ్. 2016 రియో ఒలింపిక్స్‌లో బ్యాగు మోసింది నాన్న, టోక్యోలో అమ్మ. కేడీగా చెప్తున్నా, ఎండలో ఆ బ్యాగు భుజానికేసుకుని నాలుగు రోజులు నడవడం తేలిక కాదు, ఆ తల్లిని టీవీలో చూసి మా వాళ్లు చేతులెత్తి దండం పెట్టారు.

2021 ఆగస్టు 7 నాకు బాగా గుర్తు. తెల్లవారుజాము నుంచే మా కేడీల షెడ్డులో ఒకే ఫోను చుట్టూ పన్నెండు మందిమి. మూడో రోజు ముగిసేసరికి అదితి రెండో స్థానంలో ఉంది. అప్పటికి ప్రపంచ ర్యాంకు 200. ఒలింపిక్స్‌కు ముందు కోవిడ్ వచ్చి పోయింది, బంతి దూరం పోవడం లేదు, పక్కన ఆడేవాళ్లు ఆమెను చాలా గజాలు దాటించి కొడుతున్నారు, అయినా గ్రీన్ మీదికి వచ్చాక ఆమె పుట్ గుంతలోకే. చివర్లో ఉరుములు, వాన, ఆట ఆపారు. మళ్లీ మొదలయ్యాక చివరి గుంతలో బర్డీ పుట్ పడుంటే పతకం కోసం ప్లేఆఫ్, అంటే స్కోరు సమానమైనవాళ్ల మధ్య అదనపు ఆట, ఉండేది. పడలేదు. ఒక్క షాటు తేడాతో నాలుగో స్థానం. షెడ్డులో ఎవరమూ ఫోను ఆపలేదు, అలాగే కూర్చుండిపోయాం.

మీ పాపకు మాత్రం 2023 సంగతి చెప్పండి. ఏషియన్ గేమ్స్, చైనాలో హాంగ్జౌ. చివరి రోజుకు ముందు అదితి 7 షాట్ల ఆధిక్యంలో ఉంది. 7 అంటే గోల్ఫ్‌లో దాదాపు గెలిచేసినట్టే. ఆఖరి రోజు 77 కొట్టి బంగారం పోగొట్టుకుని వెండి తెచ్చుకుంది. అయినా ఏషియన్ గేమ్స్ గోల్ఫ్‌లో భారత ఆడపిల్లకు వచ్చిన మొదటి పతకం అదే. మీ పాప 19-16 లాంటిదే, ఇంకా పెద్దది, ప్రపంచమంతా చూస్తుండగా. రెండు నెలలు తిరక్కముందే, నవంబర్‌లో స్పెయిన్ వెళ్లి ఓపెన్ డె ఎస్పాన్యా టైటిల్ గెలిచింది.

---

పీఈటీ టీచర్ (చిత్తూరు):

నమస్తే అమ్మా. చిత్తూరులో 18 ఏళ్లుగా ఆటలు నేర్పుతున్నాను. మీ పోస్టు చదివి రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే మీ పాపలాంటి పిల్లలు నా దగ్గరా ఉన్నారు, నేనే వాళ్లను స్టేజి ఎక్కించి "గట్టిగా చెప్పు, వినపడలేదు" అని అన్నదాన్ని. మంచికే అనుకుని చేశాను.

ఓడినవి అడిగారు కాబట్టి అనికా 2003 సంగతి చెప్తాను. టెక్సాస్‌లో ఫోర్ట్‌వర్త్ అనే ఊరు, కలోనియల్ టోర్నమెంటు, అది మగవాళ్ల పీజీఏ టూర్. 1945లో బేబ్ జహారియస్ అనే అమెరికన్ క్రీడాకారిణి తర్వాత మగవాళ్ల టూర్‌లో ఆడిన ఆడమనిషి లేదు. అనికా ఆడతానంది. ఆడగలదా, ఆడొచ్చా అని కొన్ని నెలలు ఒకటే చర్చ, కొందరు మగ ఆటగాళ్లు ఆమె రావడం నచ్చలేదని బయటికే అన్నారు. చిన్నప్పుడు నలుగురి ముందు రెండు మాటలు మాట్లాడలేక ఓడిపోయిన మనిషి ఇది. ఆ ఉదయం మొదటి షాటు దగ్గర వేలమంది జనం, ప్రపంచం నలుమూలల నుంచి కెమెరాలు. ఫోర్ వుడ్ అనే కర్ర తీసుకుని కొట్టింది, బంతి తిన్నగా దారి మధ్యలో పడింది. వెంటనే ఆమె మోకాళ్లు వంచి పడిపోతున్నట్టు తూలి, గుండె ఆగినంత పనైంది అన్నట్టు నవ్వింది. ఆ ముక్క వీడియో పాపకు చూపించండి. భయం పోయాక కొట్టిన షాటు కాదది. భయం ఉండగానే కొట్టింది, కొట్టాక ఆ భయాన్ని దాచుకోలేదు కూడా.

మొదటి రోజు 71, రెండో రోజు 74. కట్ దాటలేదు, ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాతి వారమే ఎల్పీజీఏలో ఆడి గెలిచింది. ఆ ఏడాదే ఎల్పీజీఏ ఛాంపియన్‌షిప్, ఆగస్టులో విమెన్స్ బ్రిటిష్ ఓపెన్ గెలిచి కెరీర్ గ్రాండ్ స్లామ్, అంటే మేజర్లు అనే పెద్ద టైటిళ్లన్నీ కనీసం ఒక్కోసారి గెలవడం, పూర్తి చేసింది. అంతకు ముందు 2002లో ఒక్క ఎల్పీజీఏ టూర్‌లోనే 11 టైటిళ్లు. 2007లో మెడ దగ్గర డిస్కు దెబ్బతిని చాలా పోటీలు పోయాయి, అదే ఏడాది నంబర్ వన్ ర్యాంకు మెక్సికో అమ్మాయి లోరెనా ఒచోవాకు వెళ్లింది. 2008లో తిరిగొచ్చి మూడు గెలిచింది, గెలుస్తున్నప్పుడే ఇక చాలు, ఇల్లు, పిల్లలు కావాలి అని ఆపేసింది. అప్పుడు 38 ఏళ్లు. దీన్ని త్యాగమనో ఓటమనో అనేవాళ్లున్నారు, నాకు అలా అనిపించదు, ఎప్పుడు ఆపాలో తనే ఎంచుకుంది. ఇద్దరు పిల్లలు పుట్టారు. 2021లో, 50 దాటాక, యూఎస్ సీనియర్ విమెన్స్ ఓపెన్‌లో దిగి 8 షాట్ల తేడాతో గెలిచింది, ఆరోజు బ్యాగు మోసింది భర్త. అదే 2021లో ప్రపంచ గోల్ఫ్ సమాఖ్యకు అధ్యక్షురాలు కూడా అయింది, అంటే మైకు ముందు మాట్లాడటమే పని!

చంద్రగిరి అన్నగారు అడిగిన "మన పిల్లకు ఏముంది" అన్న మాట నిజమే. కానీ స్వీడన్ కోచ్‌లు ఆ రోజు చేసిన పనికి పైసా ఖర్చు కాలేదు కదండీ, ఒక రూలు మార్చారు, అంతే. అది మనం కూడా చేయొచ్చు. నేను ఈ నెల మా జోనల్ ఆటల్లో చేసి చూస్తాను: ఫైనల్ ఆడిన ఇద్దరూ మైకు లేకుండా, స్టేజి ఎక్కకుండా, కోర్టులోనే నిలబడి ఎదుటివాళ్లు ఆడిన ఒక మంచి షాటు గురించి ఒక్క మాట చెప్పాలి. తన గురించి చెప్పుకోమంటే నోరు పెగలని పిల్లలు ఎదుటివాళ్ల ఆట గురించి అడిగితే గలగలా మాట్లాడతారు, ఇది క్లాసులో చాలాసార్లు చూశాను.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండమ్మా. ఇది మీ పాప కోసం పెట్టిన రూలు అని పాపకు తెలియకూడదు, మిగతా పిల్లలకు అసలే తెలియకూడదు. కోచ్ సారుతో మీరు విడిగా మాట్లాడండి.

---

చంద్రగిరి కోట:

టీచరమ్మా, ఈ మాట బాగుంది. ఖర్చు లేని పనికి నేనెందుకు అడ్డం చెప్తా. మా అన్న కూతురి అకాడమీలో కూడా ఇదే అడగమని మా అన్నకు ఇప్పుడే ఫోన్ చేశా.

---

బైరాగిపట్టెడ అమ్మ:

రెండు వారాలైంది, ఆలస్యంగా రాస్తున్నా, క్షమించండి.

కోచ్ సారుతో విడిగా మాట్లాడా. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "నేను ఫిట్‌నెస్ లోపం అనుకున్నానమ్మా, మూడో గేమ్‌లో అలిసిపోతోందేమోనని రన్నింగ్ పెంచాను" అన్నారు. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. సార్ వెంటనే టీచరమ్మ చెప్పిన రూలు పెట్టారు, అందరు పిల్లలకూ.

కానీ అంతకు ముందే ఇంకొకటి జరిగింది. మొన్న శనివారం అలిపిరి మెట్ల దారిన నడిచి కొండకు వెళ్లాం. మోకాళ్ల పర్వతం దగ్గర నేను ఆయాసంతో కూర్చుండిపోతే పక్కన కూర్చుని, నా చేతిలో నీళ్ల సీసా తీసుకుని మూత తిప్పుతూ తీస్తూ, తనంతట తనే ఎత్తింది. "అమ్మా, ఆమె మోకాళ్లు వణికినట్టు చేసింది కదా ఆ వీడియోలో. నిజంగానే వణికాయా, ఊరికే చేసిందా?" రెండూ అయ్యుంటాయి నాన్నా అన్నా. కాసేపు ఆలోచించి, "నాకు కూడా 19 దగ్గర నిజంగానే వణుకుతాయి" అంది. ఆ మాట అది ఎవరితోనైనా అనడం అదే మొదటిసారి.

నిన్న అకాడమీలో పిల్లల మధ్య ఫైనల్ పెట్టారు. 21-18, 17-21, 22-20. గెలిచింది. ఓడిన అమ్మాయి ముందు మాట్లాడింది, తర్వాత దీని వంతు. కోర్టు మధ్యలో నిలబడి రాకెట్‌ను రెండు చేతులతో వీపు వెనక పట్టుకుని, నేలను చూస్తూనే, "20 ఆల్ దగ్గర తను ఆడిన డ్రాప్ నాకు అందదనుకున్నా" అంది. సరిగ్గా అంతే. ఎవరూ నవ్వలేదు, ఆ అమ్మాయే వచ్చి చేయి కలిపింది.

ఇంటికొచ్చేటప్పుడు స్కూటర్ మీద వెనక నుంచి వాళ్ల నాన్న చెవిలో అరిచి చెప్పిందట, జిల్లా పోటీల్లో మైకు ఇస్తే మాత్రం ఇంకా కష్టమే నాన్నా, అయినా ఆడతాలే అని.